పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీ క్లినిక్: ఆయన ఉద్యోగానికి ఐదు స్టార్లు, మా ఇంటికి మూడు

ముందే చెప్పేస్తున్నా, క్లినిక్ పేరు రాయట్లేదు. పేరు రాస్తే పేట తెలుస్తుంది, పేట తెలిస్తే మేమెవరో తెలుస్తుంది, మా ఆయన ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు, "సార్ సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తున్నారట" అన్న మాట పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడితే ఏమవుతుందో మీకే తెలుసు. హైదరాబాద్‌లో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో వెళ్ళగలిగే చోట ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్ అనుకోండి, చాలు. పోస్ట్ చేసే ముందు ఆయనకి చూపించాను. రెండు చోట్ల తీసేయమన్నారు, ఒకటి తీసేశాను.

వీళ్ళు అమ్మేది "అడల్ట్ ఏడీహెచ్‌డీ ప్యాకేజీ". ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు లాంటి లక్షణాలుండే సమస్య. అందులో సైకియాట్రిస్ట్ కన్సల్టేషన్, సైకాలజిస్ట్ చేసే పరీక్ష, రిపోర్టు, తర్వాత కొన్ని ఫాలోఅప్‌లు, కుటుంబంతో ఒక సెషన్. మాకు పన్నెండు వేలు దాటింది, మందులు, రక్త పరీక్షలు వేరే. వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఎందుకంటే నేను వెతికినప్పుడు దొరికినవన్నీ "డాక్టర్ గారు చాలా ఓపిగ్గా విన్నారు, థాంక్యూ" టైపు రివ్యూలే, వెళ్ళొచ్చాక ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కరూ రాయలేదు.

అసలు ఆయన కోసం వెళ్ళలేదు మేము. బాబుకి తొమ్మిదేళ్ళు, టీచర్ పదే పదే చెప్తుంటే వాణ్ణి చూపించాం. వాణ్ణి చూసిన సైకాలజిస్ట్ "ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా అమ్మా?" అని అడిగితే నేను నోరు తెరిచేలోపే మా అత్తయ్య "అచ్చం వాళ్ళ నాన్నేనండీ" అన్నారు, అదీ ఎంత ముద్దుగానో. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ. కవలల మీద చేసిన అధ్యయనాల్లో, మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల వల్లేనని అంచనా వేశారు. పిల్లలకి తేలిన తర్వాత తండ్రికో తల్లికో తేలడం తమ దగ్గర మామూలేనని ఆ సైకాలజిస్టే చెప్పారు.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పకపోతే రివ్యూ అర్థం కాదు. మా ఆయన క్లాసులో నోట్సు లేకుండా గంటన్నర చెప్పగలరు, పిల్లలు కదలరు. అదే మనిషి దిద్దాల్సిన ఆన్సర్ షీట్ల కట్టని సోఫా మీద పెట్టి, దాని పక్కనే పడుకుని, ఆఖరి రాత్రి తెల్లవార్లూ దిద్దుతారు. కరెంటు బిల్లు, స్కూల్ ఫీజు, బండి ఇన్సూరెన్స్, డబ్బులుండీ అన్నీ ఆలస్యమే. నేను బ్యాంకులో పనిచేస్తాను, రోజంతా జనానికి ఈఎంఐ తేదీలు గుర్తుచేసి ఇంటికొచ్చి అదే పని చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్వేరియం కొన్నారు, నెల తిరక్కుండానే అది నా పని అయింది. కీబోర్డ్ ఈఎంఐ మీద కొన్నారు, ఈఎంఐ నడుస్తూ ఉండగానే దాని మీద బట్టలు ఆరేస్తున్నాం. బాబుకి "ఆదివారం గాలిపటం ఎగరేద్దాం" అని మాటిచ్చినప్పుడు ఆయన మనస్ఫూర్తిగానే ఇస్తారు, అదే సమస్య, అబద్ధమాడే మనిషైతే వాడు ఎప్పుడో నమ్మడం మానేసేవాడు. మాట పూర్తయ్యేలోపు మధ్యలో దూరడం, చిన్నదానికి భగ్గుమని అరవడం, పది నిమిషాల్లో అంతా మర్చిపోయి "టీ పెట్టనా?" అనడం. ఆయన మర్చిపోతారు, నేను మర్చిపోను కదా.

బంధువులందరూ చెప్పేది ఒకటే, "మగాళ్ళంతా అంతేనమ్మా". దీని గురించి కింద రాస్తాను.

సరే, పరీక్ష. ఇక్కడ వీళ్ళకి పూర్తి మార్కులు. పావుగంట మాట్లాడి మందు రాసే రకం కాదు. ముందు డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ ఏఎస్‌ఆర్‌ఎస్ అనే 18 ప్రశ్నల ఫారం ఇచ్చారు. పనిలో కష్టమైన భాగం అయిపోయాక చివరి చిన్న చిన్న ముక్కలు పూర్తిచేయడం ఎంత తరచుగా కష్టమవుతుంది, ఇలాంటి ప్రశ్నలు. మొదటి ఆరు ప్రశ్నలే అసలు జల్లెడ, కానీ అందులో ఎక్కువ వచ్చినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదని సైకాలజిస్ట్ గట్టిగా చెప్పారు, నిద్ర సరిగ్గా లేకపోయినా, డిప్రెషన్ ఉన్నా, థైరాయిడ్ ఉన్నా ఇవే లక్షణాలు కనిపించొచ్చట. అందుకే థైరాయిడ్ పరీక్ష చేయించారు, గురక గురించి అడిగారు, బీపీ, పల్స్ చూశారు, మా మామయ్యగారికి గుండె జబ్బు ఉండేదని చెప్తే ఈసీజీ కూడా తీయించమన్నారు.

ఆ తర్వాత పెద్ద ఇంటర్వ్యూ. మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి డాక్టర్లు చూసే డీఎస్ఎం-5 అనే పుస్తకం ప్రకారం పెద్దవాళ్ళలో ఏకాగ్రతకి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, లేదా అతి చురుకుదనం, తొందరపాటుకి సంబంధించిన తొమ్మిదిలో కనీసం ఐదు ఉండాలి, వాటిలో కొన్ని పన్నెండేళ్ళ లోపే కనిపించి ఉండాలి, ఇల్లు, ఉద్యోగం లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. అందుకని చిన్నప్పటి సంగతులు చెప్పే పెద్దవాళ్ళని తీసుకురమ్మన్నారు. అత్తయ్య వచ్చారు. ఫారాలన్నీ ఇంగ్లీషులోనే, ఇది పెద్ద లోపం, హైదరాబాద్‌లో క్లినిక్ పెట్టి తెలుగులో ఒక్క కాగితం లేకపోవడమేంటి? కానీ సైకాలజిస్ట్ అమ్మాయి ఆ ఫారం పక్కన పెట్టేసి అత్తయ్యతో ఊరి కబుర్లు చెప్పినట్టే చెప్పిస్తూ కావాల్సినవన్నీ రాబట్టింది. బడికి పలక తీసుకెళ్ళి ఎన్నిసార్లు చేతులూపుకుంటూ వచ్చాడు, ట్యూషన్ మాస్టారు ఏమనేవారు, సైకిల్ ఎక్కడ పోగొట్టాడు. పాత ప్రోగ్రెస్ కార్డు ఉంటే తీసుకెళ్ళండి, పనికొస్తుంది. మాకు ఏడో తరగతిది దొరికింది, లెక్కల్లో మంచి మార్కులు, కింద ఎర్ర సిరాతో క్లాస్ టీచర్ తిట్లు.

ఇదంతా అయ్యాక డాక్టర్ గారు రిపోర్టు చేతిలో పెట్టి, ఉంది, మధ్యస్థంగా ఉంది అన్నారు. ఆయన ఆ రోజు మెట్రోలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంగతి అక్కడితో వదిలేస్తాను, ఆయన రాయొద్దన్న రెండోది అదే, అందుకని కొంచెమే రాశాను.

మందు గురించి జనానికి తెలియాల్సింది చాలా ఉంది. రాసింది మిథైల్‌ఫెనిడేట్, నెమ్మదిగా విడుదలయ్యే రకం, తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచారు. ఇది మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, సైకోట్రోపిక్ పదార్థాల చట్టం కిందికి కూడా వస్తుంది, అంటే ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు రాయాలి, ఒకటి మందుల షాపు వాళ్ళు రెండేళ్ళు దాచిపెట్టాలి. ప్రతి షాపులో దొరకదు. మా వీధి చివర షాపతను చీటీ చూసి మా ఆయన్ని కిందికీ పైకీ చూసిన చూపు నేను మర్చిపోలేను. అత్తయ్య "మత్తుమందా నాన్నా?" అని భయపడ్డారు. డాక్టర్ గారు ఆవిడకి విడిగా ఫోన్లో చెప్పారు, దుర్వినియోగం చేసేవాళ్ళున్నారు కాబట్టే ఇన్ని కట్టుబాట్లని, చెప్పిన డోసులో, చూపించుకుంటూ వాడితే భయం లేదని. ఆ ఫోన్‌కి బిల్లు వేయలేదు, మెచ్చుకోవాలి.

మెచ్చుకోలేనిది ఇంకోటి. ప్యాకేజీ అమ్మేటప్పుడు "ఫాలోఅప్‌లు ఆన్‌లైన్‌లోనే అయిపోతాయి మేడం" అన్నారు రిసెప్షన్‌లో. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఈ మందుని వీడియో కాల్‌లో రాయకూడదు. మాట్లాడొచ్చు, చీటీ మాత్రం రాదు. డబ్బు కట్టించుకునే ముందు చెప్పాల్సిన మాట ఇది. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు, ఖమ్మం నుంచో నల్గొండ నుంచో, ఇది ముందే అడిగి తేల్చుకోండి. ఈ మందు పడనివాళ్ళకి అటామాక్సెటిన్ అని వేరే రకం ఉంది, దానికి ఈ గొడవ లేదు కానీ గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇంకో తమాషా. అపాయింట్‌మెంట్ తప్పితే సగం ఫీజు పోతుంది. మతిమరుపు కోసం వచ్చేవాళ్ళకి మతిమరుపు జరిమానా! పైగా రిమైండర్ మెసేజ్ ఒకే ఒక్కటి, అది కూడా పేషెంట్ నంబరుకే, ఆ ఫోను ఎప్పుడూ సైలెంట్‌లో సోఫా కుషన్ల కింద ఉంటుంది. నా నంబరుకి కూడా పంపండి అంటే కుదరదన్నారు. పేషెంట్ గోప్యత అన్నారు, సరే, ఒప్పుకుంటా, కానీ ఆయనే సంతకం పెట్టి ఇస్తే పంపొచ్చు కదా? అడిగాం. "చూస్తాం మేడం" అన్నారు, ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

మందు పనిచేసింది. కాలేజీలో పేపర్లు టైముకి దిద్దేస్తున్నారు, మీటింగుల్లో మధ్యలో దూరడం తగ్గింది, ప్రిన్సిపాల్ గారు పిలిచి మెచ్చుకున్నారు. మరి ఇంట్లో? పొద్దున ఏడున్నరకి వేసుకున్న మందు సాయంత్రం దాకా ఉంటుంది. ఆయన ఇంటికొచ్చేసరికి దిగిపోతుంది. దిగేటప్పుడు కొందరికి మామూలు కంటే ఎక్కువ చిరాకు వస్తుందట, మా ఆయన ఆ కొందరిలో ఒకరు. ఆకలి చచ్చిపోయి లంచ్ బాక్సు అలాగే తిరిగొచ్చేది, మూత తీసి చూసి అత్తయ్య మొహం మాడ్చుకునేవారు, రాత్రి తొమ్మిదింటికి ఆకలి, చిరాకు, అలసట అన్నీ కలిపి మా ముగ్గురి మీద పడేవి. మంచి మనిషంతా కాలేజీకి ఖర్చయిపోయి, అడుగూ బొడుగూ మాకు మిగిలినట్టుండేది.

ఫాలోఅప్‌లో డాక్టర్ గారు అడిగే ప్రశ్నలు చూడండి. పని ఎలా ఉంది? ఫోకస్ ఎలా ఉంది? నిద్ర, ఆకలి, బీపీ? ఆయన అన్నిటికీ "బాగుందండీ" అంటారు, నిజమే మరి, ఆయనకి బాగుంది. ఇంట్లో ఎలా ఉందని ఎవరూ అడగలేదు. పైగా "ఆదివారాలు కాలేజీ ఉండదు కాబట్టి కావాలంటే మందు మానేయొచ్చు" అన్నారు. నేను పక్కనే కూర్చున్నా. "డాక్టర్ గారూ, ఆదివారమే కదండీ ఆయన మాతో ఉండేది?" అన్నాను. డాక్టర్ గారు పెన్ను పక్కన పెట్టి నవ్వారు, తర్వాత సీరియస్‌గానే విన్నారు. ఆదివారం కూడా వేసుకోమన్నారు. మధ్యాహ్నం తొందరగా పనిచేసి తొందరగా దిగిపోయే చిన్న డోసు ఒకటి కలిపారు, అది నాలుగు గంటలు ఉంటుంది, నిద్ర చెడితే ఆపేద్దామన్నారు. పొద్దున మందుకి ముందే కడుపు నిండా టిఫిన్ తినమన్నారు. ఆ ఒక్క విజిట్‌తో మా సాయంత్రాలు చాలా మారాయి. నాకు కోపం ఎక్కడంటే, నేను ఆ గదిలో లేకపోతే ఈ సంగతి రాదు. చాలామంది మగవాళ్ళు ఒంటరిగా వస్తారు, ఉద్యోగం గురించి చెప్పి, ఉద్యోగానికి సరిపడా మందు తీసుకుని వెళ్ళిపోతారు. అందుకే చెప్తున్నా, భార్యో భర్తో ఎవరైతే వాళ్ళు, రెండో ఫాలోఅప్‌కి తప్పకుండా వెళ్ళండి, అడగకపోయినా చెప్పండి.

ప్యాకేజీలో ఉన్న "ఫ్యామిలీ సెషన్" మాత్రం దండగ. ఏడీహెచ్‌డీ అంటే ఏమిటో రంగుల స్లయిడ్లు, డోపమైన్ అనే మెదడు రసాయనం బొమ్మ, చివర్లో "కుటుంబం ఓర్పుతో సహకరించాలి" అన్న లైను. ఇన్నేళ్ళూ నేను చేసింది మరేంటి? బయటికొచ్చి అదే మాట ఆ సైకాలజిస్ట్ అమ్మాయితో అంటే, విడిగా కపుల్ సెషన్లు తను చేస్తానంది. విడిగా అంటే విడిగా డబ్బు, గంటకి పదిహేను వందలు. ఈ రివ్యూలో ఉన్న స్టార్లలో సగం ఆ అమ్మాయివే.

మొదట నాకు ఒక పని ఇచ్చింది. వారం పాటు, ఆయన తరఫున నేను గుర్తుపెట్టుకుంటున్నవన్నీ రాయమంది. చేసేవి కాదు, గుర్తుపెట్టుకునేవి. గ్యాస్ బుకింగ్, అత్తయ్య షుగర్ చెకప్, బాబు ప్రాజెక్టుకి చార్టు, ఆయన చెల్లెలి పెళ్ళిరోజు, బండి పొల్యూషన్ సర్టిఫికెట్. ఆ కాగితం ఆయన చేతికిచ్చి గట్టిగా చదవమంది. చదువుతూ చదువుతూ రెండో పేజీకి వచ్చేసరికి స్పీడు తగ్గింది. తర్వాత ముగ్గురం కూర్చుని పంచుకున్నాం. కొన్ని ఆటోపేకి వెళ్ళిపోయాయి, బిల్లుల గొడవ అక్కడితో ఖతం. కొన్ని పూర్తిగా ఆయనవి, అంటే గుర్తుపెట్టుకోవడం కూడా ఆయన పనే, తప్పితే జరిమానా ఆయన ఖాతాలోంచే, నేను నోరెత్తకూడదు. నోరెత్తకుండా ఉండటం ఎంత కష్టమో నేను రాయలేను, బండి పొల్యూషన్ తేదీ దాటిపోవడం చూస్తూ కూర్చున్నాను. చలాన్ వచ్చింది. ఆ తర్వాత ఆయనే ఫోన్లో అలారాలు పెట్టుకున్నారు.

ఇంకొన్ని చిన్నవి. నడుస్తూ, వంటింట్లోంచి అరుస్తూ ముఖ్యమైన మాట చెప్పొద్దు, ఎదురుగా నిలబడి, ఒకసారికి ఒక్కటే చెప్పాలి, ఆయన తిరిగి చెప్పాలి. రాత్రి తొమ్మిది దాటాక డబ్బుల గురించి, అత్తవారింటి గురించి చర్చలు బంద్. ఆయన పేపర్లు దిద్దుకునేటప్పుడు అదే టేబుల్ దగ్గర బాబు హోంవర్క్ చేసుకుంటాడు. పక్కన ఇంకొకరు పనిచేస్తూ కూర్చుంటే ఇలాంటివాళ్ళకి పని సాగుతుందట, దీన్ని వాళ్ళు బాడీ డబ్లింగ్ అంటారు. మా ఇంట్లో ఇద్దరికీ ఇద్దరూ తోడు. బాబు "నాన్నా, ఫోన్ పక్కన పెట్టండి" అంటే మా ఆయన పెట్టేస్తారు, నేనంటే పెట్టరు, అది వేరే విషయం.

"మగాళ్ళంతా అంతే" సంగతి. నేను ఆ సైకాలజిస్ట్ అమ్మాయిని సూటిగానే అడిగాను, ఇందులో జబ్బెంత, బద్ధకమెంత, మగాడినన్న ధీమా ఎంత అని. తను తప్పించుకోలేదు. గంట ఎలా గడిచిందో తెలియకపోవడం ఏడీహెచ్‌డీ కావచ్చు, కానీ అలారం పెట్టుకోవడం తన పని కాదనుకోవడం ఏడీహెచ్‌డీ కాదు అంది. మా ఆయన ముందే అంది. నాకు ఆ రోజు ఇచ్చిన పదిహేను వందలు గిట్టుబాటు అయిపోయాయి. ఒక్కోసారి అనుకుంటాను, ఇదే నాకుంటే? స్టవ్ మీద పాలు పొంగించేసి, బాబు ఫీజు మర్చిపోయి, మాట మధ్యలో దూరితే "చిన్నప్పటి నుంచీ అంతేనండీ" అని ముద్దుగా నవ్వేవాళ్ళా ఎవరైనా? ఆడవాళ్ళలో ఇది ఆలస్యంగా బయటపడుతుందని డాక్టర్లు చెప్పేదే, గంతులేసే పిల్లాడు కనిపించినట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్ల టీచర్ కంటికి కనిపించదు. పెద్దయ్యాక దాన్ని "ఇల్లు దిద్దుకోవడం రాదు" అంటారు.

పాత లెక్కలు మాత్రం మందుతో తీరవు, ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి. నా ఆపరేషన్ అయి డిస్చార్జ్ చేసిన రోజు ఆయన అక్వేరియం మోటారు బాగుచేస్తూ టైము మర్చిపోయారు, నేను బిల్లు కట్టుకుని ఆటోలో వచ్చాను. ఇప్పుడు కారణం తెలిసింది కదా, ఇంకా ఎందుకు పట్టుకుని కూర్చుంటావు అంది మా అక్క. సైకాలజిస్ట్ అలా అనలేదు. ఆ సెషన్‌లో ఆయన నోట ఏడీహెచ్‌డీ అన్న మాటే రాకూడదని రూలు పెట్టి, నేను చెప్పినంతసేపూ వినమంది. విన్నారు. అదింకా పూర్తిగా తీరలేదు, తీరుతుందో లేదో కూడా చెప్పలేను, కానీ ఆ రోజు ఆయన వివరణ ఇవ్వకుండా "నొప్పితో ఉన్నావు కదా అప్పుడు" అని మాత్రమే అన్నారు.

డబ్బు సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలంటుంది. కానీ మా పాలసీలో ఏ జబ్బుకీ ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు, లేదు, ఇదంతా ఓపీడీయే, కాబట్టి పైసా రాలేదు. అంత పెట్టలేనివాళ్ళు ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలకి, విశాఖలో అయితే చినవాల్తేరు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళొచ్చు, బోర్డు చూసి సిగ్గుపడే కాలం పోవాలి. ముందు ఎవరితోనైనా మాట్లాడితే చాలనుకుంటే 14416, టెలీమానస్, కేంద్రం 2022లో పెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మొత్తం మీద పరీక్ష, డాక్టర్ గారు చాలా బాగు. రిసెప్షన్, రిమైండర్లు, ప్యాకేజీ అమ్మే తీరు బాగోలేదు. వెళ్తే ప్యాకేజీ తీసుకోకండి, పరీక్ష ఒక్కటి విడిగా చేయించుకుని, ఫ్యామిలీ స్లయిడ్ల డబ్బు మిగిల్చి కపుల్ సెషన్లకి పెట్టుకోండి, అడిగితే విడదీసి ఇస్తారు, అడక్కపోతే చెప్పరు. శనివారం వద్దు, కూర్చోడానికి కుర్చీ దొరకదు. బుధవారం సాయంత్రం ఖాళీగా ఉంటుంది. పార్కింగ్ లేదు, మెట్రోలో వెళ్ళండి, రక్త పరీక్షలు బయట ల్యాబులో చేయించుకుంటే తక్కువలో అయిపోతుంది.